నగే మొగం

కోసిగి స్టేషన్లో గుంతకల్లు బండి రావడానికి ఇంకా కాస్త టైముంది. కరువు మీద కరువు గడిచి ఇన్నాళ్లకు నేల తడిసిన ఆ పొద్దున, ఊరందరి తరఫునా పరుగెత్తుకొచ్చిన పెద్ద ఈరన్నకే ఏ మాత్రం టైము లేదు.

"లెయ్ నాగక్కా, లెయ్. మూట నేనెత్తుకుంటా."

"మూట ముట్టుకోవాకు మామా. ఆడనే పెట్టు."

"యెద్దులు కట్టుకోని పొద్దున్నుంచి నిలబడుకోని ఉండారు మే! నరసన్న చేన్లో ఇత్తనం గొర్రు దింపి పెట్టినారు. గోపన్న గింజలు కలిపి పెట్టుకున్యాడు. నువ్వేమో ఈడొచ్చి రైలు కోసరం..."

"కట్టినోళ్లు ఇప్పుకోనీ."

"ఇప్పుకోనీ అంటే ఎట్ల? ఎన్నాళ్లకు పడింది వాన! గంజి కేంద్రం కాడ చెంబులు పట్టుకోని నిలబడినాం, మర్సిపోతివా? ఎండ సూడు ఎట్ల కొడ్తాండాదో. రేపటికి పదును ఆరిపోతే మల్ల గంజే."

"గింజలు మీవి, యెద్దులు మీవి, గొర్రు తోలేది మీరు. నడమ నేనెందుకు?"

"తెల్వనట్ల అడుగుతావేంది? మొదటి సాలుకు గొర్రు జడ్డిగంలో గింజ ఇడిసేది నీ చెయ్యే కదా! ఇన్నేండ్లాయె, నీ చెయ్యి పడకుండా ఊర్లో ఏ గొర్రన్నా కదిలిందా?"

"పెద్దక్కతో ఇడిపిచ్చుకోండి ఈసారి."

"పెద్దక్కతోనా! ఆమె మొగం సూస్తే మొలిసిన గింజ కూడా మల్ల లోపలికి పోతాది."

"ఒగే ఇంటి కోడండ్లం, మా యారాలిని అట్ల అనాకు మామా."

"ఆ, సూడు, నగుతాండావు! అదీ నాగక్క అంటే. ఆ మొగం పెట్టుకోని నరసన్న చేన్లోకి ఒగ అడుగు పెట్టు, సాలు."

"నగల్యా. ఎండకు కండ్లు చిట్లించినా."

"ఏందో ఒగటి. నిన్న నా చేన్లో ఎంత బాగ నగితివి! ఆ నగు ఈ పొద్దు యాడికి పాయె? లెయ్. ఇంతకూ యాడికి పయనం?"

"హోసపేటకు. కాలవ పని కాడికి."

"...హోసపేటకా?"

"ఆయప్పను సూసొస్తా."

"నీ మొగుడు నరసింహనా? ఇప్పుడా? ఇప్పుడేమి సూసేది మే? వాడే... వాడే వస్తాడులే."

"ఎప్పుడొస్తాడు?"

"వస్తాడు. పని ఇడిసి రావద్దా? పనంటే మాటలా?"

"జతగా పోయిన తిమ్మయ్య వచ్చినాడు కదా మామా. తిమ్మయ్యకు పని లేదా?"

"తిమ్మయ్యకు... వానికి కడుపునొప్పంట."

"కాలు బెణికిందని నరసన్న చెప్పె."

"కాలు కూడా."

"ఒగే మనిషికి రెండు నొప్పులా?"

"వస్తాయి మే, కాలం అట్ల ఉండాది. ఓ దావీదురాజూ! ఇట్ల రాప్పా. గుంతకల్లు బండి ఈ దినం రాదు కదా?"

"యాల రాదు పెద్దాయనా? తుంగభద్ర స్టేషన్ ఇడిసిందని ఇప్పుడే కబురొచ్చింది. నేను జెండా తీసుకోని పోతాండా."

"రాదేమో అనుకుంటి."

"బండి రావద్దని కోరుకునే మనిషిని నా సర్వీసులో నిన్నే సూసినా. ఏందమ్మా, ఎండలో కూకున్యావు? ఆ తట్టు యాపచెట్టు కింద కుండ పెట్టినా. నీళ్లు తాగిరా తల్లీ."

"తాగొస్తా అన్నా. మామా, మూట సూస్తాండు. ఎత్తుకోని ఊర్లోకి పోయేవు!"

"పోను, పోను. తాగిరా... దావీదూ, ఇట్ల రా, దగ్గరికి రా. ఆమెకు టికెట్టు ఇయ్యొద్దని మీ మాస్టరుతో చెప్పు. నీకు పున్యముంటాది."

"టికెట్టు కొని కొంగుకు కట్టుకున్యాది. ఏమైంది? మొగునితో కొట్లాటనా?"

"మొగుడు యాడుండాడప్పా కొట్లాడనీకి?"

"హోసపేటలో అని చెప్పె కదా."

"మెల్లగ మాట్లాడు. నరసింహ లేడు."

"ఆడ లేకపోతే ఇంగ యాడికి పోయినాడు?"

"లేడప్పా, లేడు! చలిజ్వరమొచ్చి పోయినాడు. తిమ్మయ్యే మన్ను పోసి వచ్చినాడు."

"అయ్యో దేవా! ఆ పొద్దు తిమ్మయ్య బండి దిగినప్పుడు మొగం సూసి ఏందో అయిందనుకుంటి. ఈ తల్లికి ఇంకా చెప్పలేదా?"

"చెప్పలేదు. ఎవురూ చెప్పలేదు. ఇత్తనాలు అయ్యేవరకు చెప్పగూడదని అనుకున్యాం."

"అనుకున్యారా? ఎవరనుకున్యారు?"

"ఊరు."

"ఊరంటే?"

"ఊరంటే... నేనే అంటి. కడమోళ్లు సరే అనిరి. నన్ను అట్ల సూడాకు."

"మొగుడు సచ్చినాడని పెండ్లానికి చెప్పకుండా, ఆమెను పసుపూ కుంకుమా పెట్టి చేన్లోకి తోలుకపోతారా?"

"చెప్తే పోతాదా చేన్లోకి? చెప్పినాంక ఎవరు రానిస్తారు? మొగుడు లేనిదాని చెయ్యి పడితే గింజ మురుగుతాదంటారు. నేనొక్కడినే కాదు, మా తాతల్నుంచి అంతే. వేరే చెయ్యి ఎతుక్కుందామంటే నమ్మకం చాలదు. నమ్మకం లేకుండా ఎవరప్పా, ఉన్న నాలుగు గింజలు మన్నులో పోసేది? తిననీకి దాచుకున్న గింజలు కూడా ఇత్తనానికి తీసినారు."

"అయితే మాత్రం..."

"అయితే మాత్రం ఏంది? ఆమె ఏడుపు రెండు దినాలు నిలబెడితే ఊరు ఏడాది తింటాది. ఆమె తినదా? ఇంగొగ మాట ఇను. తెల్వనంత సేపూ ఆమె ముత్తైదువే. పొద్దున్నే ఆమె ఎదురొస్తే జనం నగుతారు, పూలిస్తారు. తెల్సిన పొద్దు నుంచి తలకాయి తిప్పుకుంటారు. ఆ మంచి బతుకు ఇంగో రెండు దినాలు బతకనీ అనుకుంటి. అది తప్పా?"

"నాకు తెల్దు పెద్దాయనా. తప్పు కాకపోతే నీకు కండ్లల్లో నీళ్లెందుకు?"

"వాడు నా భుజాల మింద పెరిగినాడప్పా. మా ఇంట్లోనే సంగటి తినేటోడు. నన్ను ఏడ్సనిస్తారా ఎవరన్నా? ఏడిస్తే ఆమెకు తెల్సిపోతాదని ఇంట్లో కూడా గమ్మునుండా. ఇట్ల సూడాకు అంటే మల్ల అట్లనే సూస్తావు!"

"ఏంది మామా, ఎవరు ఎట్ల సూడగూడదు?"

"ఆ... ఏంల్యా నాగక్కా. తాగితివా నీళ్లు? దావీదు ఏందో రాజధాని సంగతి చెప్తాండాడు. కర్నూల్లో కచేరీలన్నీ డేరాల్లో ఉండాయంట. గాలొస్తే కాగితాలన్నీ ఎగిరిపోతాయంట."

"డేరాలు ఎగిరిపోతాయని నీ కండ్లల్లో నీళ్లా?"

"దుమ్ము."

"నిన్న మొన్న వాన పడితే ఈ పొద్దు దుమ్ము యాడిది మామా?"

"స్టేషన్ దుమ్ము మే, బొగ్గు. లెయ్ ఇంగ. ఒగ మాట చెప్తా. నరసన్న చేను, గోపన్న చేను, ఆ పక్క చెలకలు, ఈ రెండు దినాలు మొదటి సాలు ఇడిసిరా. ఆమీద నేనే నిన్ను ఈ బండెక్కిస్తా. ఎక్కించేది ఏంది, జతగా వస్తా."

"ఇప్పుడే రా."

"ఇప్పుడెట్ల?"

"ఎట్లంటే? నీ చేను అయిపాయె కదా. నీకేం పని?"

"నాది అయిందని ఊరిని ఇడిసి వస్తానా?"

"నీది మొదలు యాల చేసుకుంటివి మామా? ప్రతి ఏడూ నరసన్నది కదా మొదలు?"

"అదీ... ఈసారి మా చేను పదును ముందరొచ్చె."

"అమ్మా, బండి వచ్చేవరకు ఒగ మాట అడగనా? నేను ఈ స్టేషన్ కొచ్చినప్పట్నుంచి సూస్తాండా. సంతకు పోయేటప్పుడు, సుగ్గికని కూలికి పోయే జనంతో వచ్చేటప్పుడు, ఎప్పుడు సూసినా నువ్వు నగుతానే ఉంటావు. పుట్టినప్పట్నుంచి అంతేనా?"

"నేనా? కోడుమూరు తట్టు మా పుట్టింటికాడ అడుగు దావీదన్నా. మూతిముడుసుల నాగి యాడుండాదని అడిగితే నన్ను సూపిస్తారు."

"అబద్ధం!"

"నిజం. పలకరిస్తే కరుస్తాదనేటోళ్లు. మా నాయన అయితే, ఈ పిల్లను చేసుకునేటోనికి చెవుడు గుడ్డితనం రెండూ ఉండాల అనేటోడు."

"మా ఊరికొచ్చినాంక మారిపోయింది దావీదూ. మా ఊరి నీళ్ల మహిమ."

"నీళ్లు కాదు మామా, బయం. కొత్త కోడలిని తెచ్చి గొర్రు ఎనకాల నిలబెట్టిరి. ముందర యెద్దులు, చుట్టూ జనం. అంతలో మా అత్త బురదలో కాలు జారి కుదేలుమని కూలబడె. ఎవురూ నగల్యా. నాకు ఆగల్యా. నగితి. ఎంత ఆపుకుంటే అంత వచ్చె."

"మీ అత్త ఊరుకున్యాదా?"

"రెండు దినాలు సంగటి పెట్టల్యా. ఆ ఏడు జొన్న ఏనుగంత పండె. అయిపాయె! నాగక్క నగితే పండ్తాది. అప్పట్నుంచి అత్త కూడా నా మొగం సూసి సంగటి పెట్టేది. నగుతాంటే ఒగ ముద్ద ఎక్కువ."

"మంచిదే కదా మే! ఊరంతా నిన్ను నెత్తిన పెట్టుకున్యాది."

"పెట్టుకున్యారు. దించితే కదా! మా అమ్మ పోయిన ఏడు గుర్తుండాదా మామా? నీళ్లు పోసుకోని వచ్చిన మరుదినమే జడ్డిగం ముందర పెట్టిరి. ఏడుపు మొగంతో గింజ ఇడిసేవు, గింజ ఏడుస్తాది అన్యారు. అన్యది ఎవరు?"

"...నేనేనేమో."

"నువ్వే. నగితి. ఆమీద ఏడుద్దామంటే కలుపు. కలుపు అయినాంక కోత. అంతలో మా అమ్మ పోయి ఏడాదాయె. ఏడాది అయినాంక ఏడిస్తే, ఇదేందే ఇప్పుడు ఏడుస్తాండావు అంటారు కదా."

"తల్లీ..."

"అన్నా, పెద్దక్కను సూస్తే నాకు కుళ్లు. యాపకాయ తిన్నట్ల ఉంటాది మొగం. తలనొప్పొస్తే ఏడుస్తాది, కోడిపిల్ల సచ్చిపోతే ఏడుస్తాది, ఊరికే పొద్దుబోక ఏడుస్తాది. ఏందమ్మా అని ఎవురూ అడగరు. ఏడ్సి ఏడ్సి గుర్రు పెట్టి నిద్రపోతాది. నేను పొద్దస్తమానం నగి, నడిజాములో కండ్లు తెర్సుకోని దూలాలు సూస్తా పండుకుంటా."

"నీకేం తక్కువ నాగక్కా? యాల అట్ల మాట్లాడుతావు?"

"నువ్వు చెప్పు మామా. నీకు నగనీకి రాదు. చిన్నప్పట్నుంచి మొగం ముడుసుకోని ఉంటే, గంభీరమైన మనిషని ఊరు నీకు పెద్దరికమిచ్చె. పెద్దక్కకూ నగనీకి రాదు. ఆడది కాబట్టి ఏడుపుగొట్టు అనె. బయంతో నగిన నన్ను లచ్చిందేవి అనె. పేరు పెట్టేది వాళ్లు, ఆ పేరుకు తగినట్ల బతికేది మనం. ఇంగ నేను సంతోషంగా ఉండానో లేదో నాకే తెల్దు. ఊర్లో అడిగి తెల్సుకోవాల."

"అంత మాటెందుకు మే! నువ్వు నగుతాంటే అందరికీ ధైర్యం. ఆ ఇంత ధైర్యం లేకపోతే, ఈ మూడేండ్లు ఊర్లో సగం మంది సుగ్గికి పోయి తిరిగి రాకుండా పోయేటోళ్లు."

"ధైర్యం మీకు. నాకు? అందుకే పోతాండా. హోసపేటలో నన్నెవరూ ఎరగరు. ఆడ నా మొగం నాది. నగితే నగుతా, లేకపోతే లేదు. బండెక్కినాంక కిటికీ కాడ కూకోని మూతి ముడుసుకుంటా. ఎవరన్నా అడిగితే కరుస్తా."

"గంట కొట్టినారు. పెద్దాయనా, నేను పోవాల. పోయే ముందర ఒగ మాట. చెప్పేదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. బండి ఎక్కినాంక చెప్పనీకి ఉండదు."

"నువ్వు గమ్మునుండు దావీదూ! నీ జెండా నువ్వు సూసుకో!"

"ఏందో చెప్పమంటాండాడు మామా."

"ఏంల్యా. వానికేం తెల్సు?"

"చెప్పు మామా. నీ నోటితో చెప్పు. నేనేమీ అనను."

"చెప్పేదేముండాది? ఇత్తనాలు అయిపోనీ, అన్నీ... అన్నీ కూకోని మాట్లాడుకుందాం. లెయ్ తల్లీ. కాళ్లు పట్టుకోమంటావా?"

"వద్దు. సరే, ఒగ పని చెయ్యి. వస్తా నేను. నరసన్న చేను, గోపన్న చేను, ఎన్ని చేన్లుంటే అన్నీ ఇడుస్తా. ఇడిసి, ఇకఇక నగుతా. ఆయప్ప బాగుండాడని ఒట్టేసి చెప్పు."

"ఒట్లెందుకు మే? నా మాట చాలదా?"

"చాలదు. నీ చేను మింద ఒట్టెయ్యి. నిన్న ఇత్తిన చేను మింద."

"చేను మింద ఒట్టా! ఎవరన్నా ఏస్తారా?"

"అబద్ధమైతే ఎయ్యరు. నిజమైతే ఏముండాది?"

"నాగక్కా..."

"పొగ అగుపడ్తాండాది మామా. బండొస్తే నేను ఎక్కుతా."

"పెద్దాయనా, వద్దు. ఎయ్యాకు."

"నువ్వు ఊరుకోప్పా! ...బాగుండాడు."

"చేను మింద."

"నా చేను మింద ఒట్టు! నరసింహ బాగుండాడు. రాయి మాదిరి ఉండాడు. సాలునా? ఇంగ లెయ్. మూట ఇట్లా తే."

"తీసుకో... ఊహూ, ఇట్లియ్యి. ఇయ్యి మామా. దావీదన్నా, నీకు మా ఊరి పద్ధతి తెల్దు కదా. చెప్తా ఇను."

"ఇప్పుడు పద్ధతులేంది మే? రా!"

"గొర్రు కదిలే ముందర ఆడోళ్లంతా చుట్టూ నిలబడి నా మొగుని పేరు చెప్పమంటారు. ఏడాది పొడుగునా పేరు నోట్లోకి రాగూడదు. ఆ పొద్దు మట్టుకు చెప్పాల. చెప్పేవరకు ఇడవరు. గిచ్చుతారు, కొంగు లాగుతారు, ముసిలోళ్లు కూడా ఎక్కిరిస్తారు. నేను సిగ్గుపడి, ఏడిపించి ఏడిపించి, ఆకరికి చెప్తా. అప్పుడు యెద్దులు తోల్తారు."

"తెల్సు మే, తెల్సు. ప్రతి ఏడూ ఉండేదే."

"నిన్న అడగలేదు. మీ ఇంటామె ఓబులమ్మ కుంకుమ ఎక్కువ పెట్టింది, పూలు ఎక్కువ పెట్టింది, మొగం తిప్పుకున్యాది. పెద్దక్క మన్ను సూసుకుంటా నిలబడె. ఒగరన్నా గిచ్చుతారేమో అని సూస్తి. ఎవరన్నా పేరడగండే అని కండ్లతోనే బతిమాలితి. అడగల్యా. అప్పుడే నాకు తెల్సిపాయె. నువ్వు యెద్దులను అదిలిస్తివి."

"మర్సిపోయి ఉంటారు..."

"ఊరు ఊరంతా ఒగేసారి మర్సిపోతాదా మామా?"

"నాగక్కా, తల్లీ..."

"పొద్దుగూకినాంక తిమ్మయ్య ఇంటికి పోతి. నేను నోరు తెరవకముందే కాళ్ల మింద పడె. ఇంటికొచ్చి తలుపు తెర్సుకోని కూకుంటి. ఎవరన్నా ఒగరు వస్తారు, చెప్తారు, నా పక్కన కూకోని ఏడుస్తారు అని. తెల్లారే వరకు ఒగ కుక్క కూడా రాల్యా. పొద్దున్నే నువ్వు వస్తివి, యెద్దులు కట్టినామని."

"అమ్మా, బండి వచ్చేసింది. ఎక్కు తల్లీ, నేను పట్టుకుంటా మూట."

"నరసింహ. నరసింహ. నరసింహ. ఇంగ ఎవురూ అడగకపోయినా చెప్తా. పోయి ఆయప్ప మన్ను కాడ కూకోని చెప్తా."

"ఆగు మే! అంటే... గొర్రు కదలకముందే తెల్సునా నీకు? తెల్సి... తెల్సే నా చేన్లో..."

"తెల్సే మామా. మీరు నగమంటే నగుతా ఇడిస్తి. నీ చేన్లో మొదటి సాలు పోసింది మొగుడు సచ్చినదాని చెయ్యి. పోసినాంక, చల్లని చెయ్యి అని కండ్లకద్దుకుంటివే, ఆ చెయ్యే ఇది!"